నల్లగీతల మధ్య రాజీనామా

మొన్న పొద్దున మా కోడలు దోసె తింటూ, ఎడమచేత్తో ఫోను మీద రెండు వాక్యాలు కొట్టి ఉద్యోగానికి రాజీనామా పంపించేసింది, ఆపైన చట్నీ ఇంకాస్త వడ్డించుకుంది. అంతేనా అని అడిగితే, అంతే మామా, నెల నోటీసు, అంది. ఆకలి లేదని చెప్పి నేను కంచం ముందునుంచి లేచిపోయాను గానీ, అది అబద్ధం.

ఎనభైల్లో మా మేనమామ తమిళనాడు ధర్మపురిలో చిన్న ప్రెస్సు నడిపేవాడు. నాన్న పోయాక నన్ను నల్లంపల్లి నుంచి తెచ్చుకుని, అరల ముందు నిలబెట్టి, సీసపు అక్షరాలు ఏరి పేర్చడం నేర్పినవాడు ఆయనే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చేతికి తగిలేవన్నీ అరవ అక్షరాలు. తెలుగు రాయడం నేను తర్వాతెప్పుడో బెంగళూరులో నేర్చుకున్నాను. పెళ్లి పత్రికలు, కొట్ల బిల్లులు, పోయినవాళ్ల కర్మకు పిలిచే కరుమాది కార్డులు, ఇవే మా పని. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కరుమాది కార్డుకు చుట్టూ లావుపాటి నల్లగీత కట్టేవాళ్లం. చావు కబురు కాగితాన్ని గడప లోపల చదవకూడదని మావాళ్ల పట్టింపు గనక, మామ ఆ కార్డుల ప్రూఫు మాత్రం వీధి అరుగు మీదికి తీసుకుపోయి, నిలబడి చదివి, తప్పులు చెప్పి, అక్కడే చించేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాడు.

ఆయనకు చూపు మందగించింది, పిల్లలు లేరు, పేర్చే చేతులు నావే. అదంతా తెలిసి కూడా, బెంగళూరులో ఆఫ్‌సెట్ ప్రెస్సులో చోటు దొరకగానే ఒప్పుకున్నాను. మానేస్తానని చెప్పడానికి నోరు రాక పది రోజులు నాన్చి, చివరికి కాగితం మీద ఇద్దామనుకున్నాను. అదీ చేత్తో రాయకుండా, ఆయన నేర్పిన విద్యతోనే అందంగా అచ్చు వేసి ఇస్తే మురిసిపోయి దీవిస్తాడని నా పిచ్చి. ఆ దీవెన లేకుండా ఊరు దాటే ధైర్యం నాకు లేదు. మామ భోజనానికి వెళ్లిన సమయంలో, అప్పటికే అచ్చయిపోయిన పాపారపట్టి ఊరివాళ్ల కరుమాది కార్డు చట్రం బల్ల మీద కనిపిస్తే, అందులోని అక్షరాలు తీసేసి నా నోటీసు పేర్చి బిగించి, ఒక కాగితం అచ్చు తీశాను. రోజూ చూసే గీత కంటికి ఆనదు. పనివాడి చూపంతా అక్షరాల మీదే ఉంటుంది.

మామ వచ్చి, కాగితం అందుకుని కళ్ల దగ్గరగా పెట్టుకున్నాడు. చెప్పులైనా వేసుకోకుండా వీధి అరుగు మీదికి వెళ్లి, నిలబడి చదవడం మొదలుపెట్టాడు. చుట్టూ నల్లగీత అలాగే ఉండిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. పరుగెత్తుకుపోయి, పొరపాటైంది, ఇంకొకటి వేసిస్తానని కాళ్లు పట్టుకున్నాను.

"వద్దు అల్లుడా, సరిగానే కట్టినావు. నువ్వు పోయినాక ఈ ప్రెస్సులో ఇంక ఎవురుండారు?" అన్నాడు.

ఆ కాగితం చించలేదు, కాళ్లు కడుక్కోలేదు. మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వచ్చేశాడు. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ నెలంతా ఆయన కొత్త పని పట్టలేదు. వచ్చినవాళ్లను వేరే ప్రెస్సుకు పంపించేసి, కట్టి ఉన్న చట్రాలన్నీ నాచేత విప్పించి, అక్షరాలను ఎక్కడివక్కడ అరల్లో వేయించాడు. ఉండిపోతానని రెండుసార్లు అన్నాను గానీ, ఆ మాటలో బలం లేదని ఇద్దరికీ తెలుసు. ఆఖరిరోజున నా నోటీసు చట్రం ఒక్కటే మిగిలితే అదీ విప్పమన్నాడు. మామ పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే అరల్లో వేసి, నల్లగీతలు నాలుగూ తుడిచి పక్కన పెట్టి, బస్సెక్కాను. దీవించమని నేను అడగలేదు, ఆయన చెయ్యెత్తలేదు.

ఆ సీసమంతా తూకానికి పోయిందని అత్త తర్వాత కబురు చేసింది. కొన్నేళ్లకు మామ కరుమాది కార్డే నాకు వచ్చింది. గది బయట నిలబడి చదివాను, చించడానికి చేతులు రాలేదు.

ఇప్పుడు చావు కబురైనా, రాజీనామా అయినా ఒకే ఫోనులో, అన్నం ముందు కూర్చునే చదువుకుంటున్నాం. గడప లోపల, బయట అన్న తేడా ఎప్పుడో పోయింది. పంపినదాంట్లో తప్పుంటే అవతలివాళ్లు చూడకముందే చెరిపేయవచ్చునని కూడా మా కోడలు చెప్పింది. నేను మాత్రం ఇన్నేళ్లుగా ఆ అరుగు మీదికి పరుగెత్తుతూనే ఉన్నాను. వెళ్లేసరికి మామ చదవడం అయిపోతూనే ఉంది.