మాట చెప్తేనే మంచినీళ్ళు

పురుషోత్తం గారికి ఒకటే జబ్బు. ఆయన ఇంట్లో ఎవరు మంచినీళ్ళు అడిగినా, ముందు నీళ్ళకు సంబంధించిన ఇంగ్లీషు మాట ఒకటి చెప్పాలి. దాని అర్థం చెప్పాలి. ఆ మాటతో ఇంగ్లీషులోనే ఓ వాక్యం చెప్పాలి. అప్పుడుగాని గ్లాసు చేతికి రాదు. తెలుగువాళ్ళ ఇంట్లో గుమ్మం తొక్కినవాడికి అడక్కుండానే నీళ్ళిస్తారు. సింగపూర్‌లో యూ టీ అనే పేటలోని ఆ ఫ్లాటులో మాత్రం అడిగినా ఇవ్వరు.

చేతిలో జావా సర్టిఫికెట్టు ఉన్న ప్రతివాడూ హైదరాబాదులో విమానం ఎక్కేస్తున్న రోజులవి. మహీధర్ కూడా అలాగే ఎక్కి, భార్య ఉదయశ్రీతో సింగపూర్‌లో దిగి, పురుషోత్తం గారి ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పురుషోత్తం గారు ఇక్కడే పుట్టి, నీళ్ళు శుద్ధి చేసే కేంద్రంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ముత్తాత ఎప్పుడో తెల్లవాళ్ళ కాలంలో విశాఖలో ఓడెక్కి వచ్చాడట. ఆ ఇంటి తెలుగు కూడా విశాఖలోనే బయల్దేరి, తమిళంలో ఓ మజిలీ చేసి, మలయ్‌లో కాళ్ళు కడుక్కుని, చివర ఓ 'లా' తగిలించుకుని బయటికొచ్చేది.

మొదటి వారం ఆ పెద్దాయన దేవుడిలా కనిపించారు. "మకాన్ అయిందా తంబీ?" అని రోజూ భోజనం సంగతి అడిగేవారు. పాలల్లో రోజ్ సిరప్ కలిపి ఐసు వేసి తనే చేతికిచ్చేవారు. ఇంత మంచి మనిషి ఇంట్లో గది దొరికినందుకు మహీధర్ మురిసిపోయాడు కూడా.

ఆ వారంలో బాగాలేనిది ఉదయశ్రీ సంగతి ఒక్కటే. కెమిస్ట్రీలో ఆమెకు తిరుగులేదు. పెళ్ళికి ముందు నుంచీ ల్యాబులో పనిచేయాలని కోరిక. కొత్తగా కట్టిన నీటిశుద్ధి కేంద్రం ల్యాబుకు మనుషులు కావాలంటే ఇంటర్వ్యూకి వెళ్ళింది. చదువంతా తెలుగు మీడియం కావడంతో, అక్కడ అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు తెలిసి కూడా బొమ్మలా కూర్చుని వచ్చేసింది. ఇంటికొచ్చి వంటింట్లో స్టవ్ వైపు తిరిగి ఏడ్చింది.

"నాకన్నీ వచ్చండీ. నోరే రాలేదు. కొన్నాళ్ళాగి మళ్ళీ రమ్మన్నారు. నేను చస్తే వెళ్ళను."

మహీధర్ ఓదార్చాడు. ఇంగ్లీషు నేర్పిస్తానన్నాడు. రెండు రోజులు నేర్పించాడు కూడా. ఆమె తప్పు మాట్లాడినప్పుడల్లా అతను దిద్దడం, ఆమె మూతి ముడుచుకుని లేచిపోవడం. మూడో రోజుకు ఇద్దరికీ ఓపిక అయిపోయింది.

రెండో వారంలో పురుషోత్తం గారి అసలు రంగు బయటపడింది. వంటింటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసి, పక్కన కుళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము పెట్టుకుని కూర్చున్నారు. ఆఫీసు నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన మహీధర్ చేయి చాపాడు.

"అంకుల్, నీళ్ళు."

"మాటేది తంబీ?"

"ఏం మాట?"

"నీళ్ళ మాట. ఇంగ్లీషులో."

"వాటర్."

"అది మా మనవరాలు కూడా చెప్తాది లా! పెద్ద మాట చెప్పు."

ఆ రోజు మహీధర్ 'ఫిల్టర్' అని చెప్పి అర గ్లాసు సంపాదించుకున్నాడు. ఫిల్టర్ చిల్లర మాటట, దానికి అంతేనట. మడ్డి అడుక్కి దిగడాన్ని సెడిమెంటేషన్ అంటారని చెప్తే నిండు గ్లాసు. రివర్స్ ఆస్మోసిస్ అంటే నీళ్ళను సన్నటి పొరలోంచి బలవంతాన తోసి ఉప్పూ మలినం ఇవతలే ఆపేయడమని విడమరిస్తే ఐసు ముక్కలు. సస్టైనబిలిటీ అని, రేపటివాళ్ళకు కూడా మిగిలేలా ఇవాళ వాడుకోవడమని తడబడకుండా చెప్పినవాళ్ళకు రోజ్ సిరప్ పాలు. పగలంతా ఆఫీసులో తెల్లవాళ్ళతో ఇంగ్లీషులో పోట్లాడి వచ్చే మనిషికి, ఇంటి దగ్గర దాహానికి పరీక్ష పెడితే ఒళ్ళు మండదా?

ఓసారి బాత్రూంలో దూరి గడియ పెట్టి, కుళాయి కింద దోసిలి పట్టాడు. సింగపూర్‌లో ఏ కుళాయి నీళ్ళైనా తాగొచ్చు కదా!

"తంబీ! ఆ చప్పుడికి ఒక మాట!" అని బయట నుంచి కేక.

"మొహం కడుక్కుంటున్నానంకుల్!"

"మొహం గుటకలేస్తదా?"

ఇంకోసారి కింద కాఫీ షాపులో నీళ్ళ సీసా కొనుక్కుంటే, పక్క బల్ల దగ్గర కోపీ అనే అక్కడి కాఫీ తాగుతూ పురుషోత్తం గారే కూర్చున్నారు. "ప్లాస్టిక్ సీసానా? నీ సస్టైనబిలిటీ ఎక్కడికి పోయింది?" అని నలుగురిలో పరువు తీశారు.

ఆయన భార్య కుమారమ్మ గారికీ మినహాయింపు లేదు. కాకపోతే ఆవిడ ఆ మాటల్ని తిట్లుగా మార్చుకుంది. "జరుగవయ్యా, స్లడ్జ్ మొహమూ నువ్వూనూ! నీళ్ళడుగున మిగిలిన మడ్డే నయం నీకంటే!" అనేది. పురుషోత్తం గారు ఏమాత్రం నొచ్చుకోకుండా, "స్లడ్జ్, కరెక్టు. అర్థం, కరెక్టు," అని గ్లాసు నింపి ఇచ్చేవారు. బియ్యం కడిగిన నీళ్ళు ఆవిడ సింకులో పారబోయబోతే మాత్రం గ్రేవాటర్, గ్రేవాటర్, వాడిన నీళ్ళూ నీళ్ళే అని పరుగున వచ్చి, ఆ గిన్నె లాక్కుని కారిడార్‌లో కరివేపాకు కుండీకి పోసేవారు.

ఉదయశ్రీ మొదట్లో స్టవ్ వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా గొణిగేది. పురుషోత్తం గారు ఆమెను ఒక్కసారి కూడా దిద్దలేదు. తప్పో ఒప్పో, గ్లాసు నిండేది. నాకేమో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే చుక్క రాల్చడు, ఆడవాళ్ళకు మాత్రం రాయితీ అని మహీధర్ లోలోపల ఉడికిపోయాడు.

అతని ఓర్పు నశించింది మధుసూదనరావు గారు భోజనానికి వచ్చిన రోజు. ఆయన ఆఫీసులో మహీధర్‌కు మేనేజరు. ఆవకాయ చూసి ఎన్నాళ్ళయిందో, ముద్దలో ఇంత కలిపి నోట్లో పెట్టుకున్నారు. కారం నషాళానికి అంటింది. కళ్ళ వెంట ధారలు.

"నీళ్ళు! నీళ్ళు!"

గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు పురుషోత్తం గారు. "టర్బిడిటీ అంటే ఏంటి సార్?"

"అంకుల్, ఆయన మా మేనేజరు!" అని మహీధర్ అరిచాడు.

"మేనేజరుకు మాటలు రావా?"

మధుసూదనరావు గారు నాలుక బయటపెట్టి చేతులు జోడించారు. అప్పుడు స్టవ్ దగ్గర్నుంచి ఉదయశ్రీ గబగబా ఇటు తిరిగింది.

"టర్బిడిటీ మీన్స్ ద వాటర్ ఈజ్ క్లౌడీ, అంకుల్! ఫస్ట్ వుయ్ లెట్ ద మడ్ సెటిల్, దెన్ వుయ్ ఫిల్టర్ ఇట్! ప్లీజ్ గివ్ హిమ్ వాటర్!"

పురుషోత్తం గారి మొహం వెలిగిపోయింది. మేనేజరుకు రెండు గ్లాసులు ఇచ్చారు, రెండోది రోజ్ సిరప్ పాలు. మహీధర్ ఆ వెలుగూ చూడలేదు, భార్య గొంతు ఎంత పైకి లేచిందో కూడా వినలేదు. అతనికి వినిపిస్తున్నదల్లా తన ప్రమోషన్ కూలుతున్న చప్పుడే.

మర్నాడే టోవా పాయోలో ఉండే వీరభద్రరావు గారి ఇంట్లో గది మాట్లాడేశాడు. "మా ఇంట్లో ఫ్రిజ్ నిండా సీసాలేనండి. ఎప్పుడు కావలిస్తే అప్పుడు తాగండి," అన్నారాయన. ఆ మాటకే మహీధర్ కళ్ళు చెమర్చాయి.

ఉదయశ్రీ మాత్రం కదలనంది. "నేను రానండీ. మళ్ళీ ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అది అయ్యేదాకా ఇక్కడే ఉంటా."

"చస్తే వెళ్ళనన్నావుగా?"

"వెళ్తానేమో." ఎందుకు మనసు మారిందో ఆమెకే సరిగా తెలిసినట్టు లేదు.

ఇంటర్వ్యూ రోజున మహీధర్ సెలవు పెట్టి, ఆ కేంద్రం బయట బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఈసారి కూడా నోరు రాకపోతే ఆమె ఇక ఏ ల్యాబు గుమ్మమూ తొక్కదని అతనికి తెలుసు. ఆమె చాలాసేపటికి బయటికొచ్చింది, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఏమైంది?"

"కూర్చోగానే గ్లాసుతో మంచినీళ్ళు పెట్టి తాగమన్నారండీ."

"తాగావా?"

"ఎలా తాగుతాను? చేయి రాలేదు! గ్లాసు కనిపించగానే నోరు దానంతటదే తెరుచుకుంది. సెడిమెంటేషన్ దగ్గర మొదలుపెట్టి రివర్స్ ఆస్మోసిస్ దాకా వెళ్ళిపోయాను. వాళ్ళు మధ్యలో తాగండి, తాగండి అంటారు. వన్ మినిట్ సర్, సస్టైనబిలిటీ మిగిలిపోయిందని, అదీ చెప్పాకే తాగాను. వచ్చే నెల నుంచి చేరమన్నారు!"

ఇంటికొచ్చేసరికి వంటింటి గుమ్మంలో కుర్చీ లేదు. మహీధర్ బిత్తరపోయాడు.

"అంకుల్ ఏరి ఆంటీ? కుర్చీ ఏది?"

"అమ్మాయి దారిలోంచే ఫోన్ సేసింది గదా, ఉద్యోగం వచ్చిందని. కుర్చీ గదిలో పడేసినాడు," అంది కుమారమ్మ గారు. "ఇక ఆ పిచ్చితో పనేటుంది బాబూ?"

"పనేంటి? ఆయనకిది మొదట్నుంచీ ఉన్న జబ్బు కాదూ?"

"ఏ మొదట్నుంచి? నలభై ఏళ్ళు కాపరం సేసినాను, ఒక్కనాడు నన్ను మాటడగలేదు. అమ్మాయి ఏడ్సిన రోజున పుట్టిన జబ్బిది. ఒక్కదాన్నే కూసోబెట్టి నేర్పితే సిగ్గుపడి నోరు మూసుకుంటదని, మా అందరి నోళ్ళూ ఎండగట్టినాడు! ఈ వయసులో నాకు స్లడ్జ్ ఎందుకు బాబూ?"

మహీధర్ ఖాళీ గుమ్మం వైపు చూశాడు. తను రెండు రోజుల్లో విసిగిపోయిన పనిని ఈయన ఇన్ని నెలలు, అందరి చేతా తిట్లు తింటూ చేశాడు. ఆ ముసలాయన మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. కోపం కూడా పూర్తిగా పోలేదు. ఆవకాయ రోజు ఇంకా గుర్తుంది మరి.

పురుషోత్తం గారు కారిడార్‌లో కరివేపాకుకు బియ్యం కడిగిన నీళ్ళు పోసి లోపలికొచ్చారు. ఏమీ ఎరగనట్టు గ్లాసు నింపి మహీధర్ చేతికిచ్చారు. మాట అడగలేదు.

మహీధర్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తబోయాడు. చేయి లేవలేదు.

"తాగు తంబీ. ఇంకేం మాటలొద్దు."

"కంటామినేషన్," అనేశాడు మహీధర్. "మంచినీళ్ళల్లో చెడ్డది కలవడం." ఇంగ్లీషులో వాక్యం కూడా చెప్పి, అప్పుడు గటగటా తాగేశాడు. పురుషోత్తం గారు వెళ్ళి ఐసు తెచ్చారు.

సాయంత్రం అతను వీరభద్రరావు గారికి ఫోన్ చేసి గది వద్దన్నాడు.

"అదేంటండీ? ఏం తక్కువైంది మా ఇంట్లో?"

"తక్కువేం లేదండి. మీ ఇంట్లో నీళ్ళు ఊరికే ఇస్తారన్నారు కదా," అన్నాడు మహీధర్. "మాకు అలా తాగడం చేతకాదండి."