పెద్దల్లుడి రబ్బరు, చిన్నల్లుడి రంగు

షెడ్డులో అందరూ అతన్ని బీడింగాయన అనేవారు. బండి తలుపుల చుట్టూ వాన నీళ్లు, దుమ్ము లోపలికి రాకుండా బీడింగు, అంటే రబ్బరు పట్టీ, వేయడం అతని పని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. బాగా చేస్తే ఎవరి కంటికీ ఆనదు. చెడగొడితేనే చేసినవాడు గుర్తొస్తాడు.

అదే షెడ్డులో రంగులు వేసేవాడు అతని తోడల్లుడు. వెనకొచ్చిన మనిషి. అయినా వాడు రంగేసిన బండి బయటికొస్తే దారినపోయేవాళ్లు ఆగి అందులో ముఖం చూసుకునేవారు. యజమాని వాడి భుజం తట్టేవాడు. తన భుజం మీద ఇంతవరకూ ఎవరి చెయ్యీ పడలేదన్న సంగతి బీడింగాయన ఏ రోజూ మరచిపోలేదు.

ఆ ఏడు మామగారు తన పాత పికప్ బండిని షెడ్డుకు తోలుకొచ్చారు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసి, ఇద్దరు కూతుళ్లనూ పెంచింది ఆ బండితోనే.

"అల్లుళ్లిద్దరూ కలిసి దీన్ని మళ్లీ మనుషుల్లో పడేయండి" అన్నారు.

ఈసారైనా ఆయన నోట "ఇది పెద్దల్లుడి పని" అన్న మాట వినాలని బీడింగాయనకు కోరిక. రాయిలా బిగుసుకుపోయిన పాత రబ్బరును కత్తితో గీకి, ఎండిన జిగురంతా వదిలించి, వేళ్లు బొబ్బలెక్కించుకున్నాడు. ఆ శుభ్రమైన రేకు మీద తోడల్లుడు ముదురాకుపచ్చ రంగు కొట్టాడు.

మామగారు వచ్చి బండి చుట్టూ తిరిగారు.

"చిన్నల్లుడి చేతిలో ఏదో ఉందయ్యా."

"ఇంకా రబ్బరు వేయాలి మామయ్య గారూ" అన్నాడు బీడింగాయన.

"ఆఁ, అదెంతసేపు పనిలే."

ఆ మాట అన్నం ముందు కూర్చున్నా వదల్లేదు. మర్నాడు దాన్ని మోసుకునే పనిలోకి దిగాడు. మూలల దగ్గర రబ్బరును లాగకూడదు. కాస్త వదులుగా ఉంచి, వేలితో కుక్కుతూ అతికించాలి. లాగి అతికిస్తే నాలుగు ఎండలు తగిలాక ముడుచుకుని సందు ఇస్తుంది. ఇది అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలిసే, ఎడమ తలుపు పైమూలలో రబ్బరును సాగదీసి అంటించాడు. సందులోంచి నీరు దిగుతుంది, లోపల తుప్పు పడుతుంది, ఏడాది తిరిగేసరికి పచ్చరంగు పొక్కులు లేస్తుంది. రంగు పొక్కితే ఎవరైనా తిట్టేది రంగు వేసినవాణ్ణే కదా.

పని అయ్యాక తలుపు సందులో కాగితం ముక్క పెట్టి, మూసి, లాగి చూపించడం అతని అలవాటు. ఆ రోజుకి కాగితం కదల్లేదు.

"అన్నయ్య పట్టాడంటే పట్టినట్టే" అన్నాడు తోడల్లుడు. వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే బీడింగాయనకు మరీ మండింది.

తుప్పు పట్టేదాకా వాన కాచుకుని కూర్చోలేదు. ఎండలు ముదిరాక ఒక సాయంత్రం జోరున కురిసింది. మామగారు పెద్ద కూతుర్ని ఎక్కించుకుని ఇంటికొచ్చేసరికి అల్లుళ్లిద్దరూ వసారాలో ఉన్నారు.

"ఏమండీ, ఇది మీరు వేసిన రబ్బరేనా?" భార్య భుజం చూపించింది. "కూర్చున్నచోటే స్నానం అయిపోయింది."

మామగారు అతని వైపు తేరిపార చూశారు. ఇన్నేళ్లలో ఆయన అతన్ని అలా చూడటం అదే మొదలు.

"తప్పు నాది మామయ్య గారూ" అన్నాడు తోడల్లుడు. "ఆ మూల రంగు మందంగా కొట్టాను. రబ్బరు సరిగ్గా కూర్చోలేదు. అన్నయ్య పని మనకు తెలియదా?"

మామగారు నవ్వి వాడి భుజం మీద చెయ్యి వేశారు. "ఇలా ఒప్పుకోడానికి గుండె ఉండాలయ్యా. పెద్దల్లుడు గారూ, రేపు ఆ రబ్బరు కాస్త సర్దేయండి. అదెంతసేపు పనిలే."

బీడింగాయన వానలోకి దిగి, తలుపు పైమూల సందులో వేలు పెట్టాడు. నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. తనే లాగానని చెబుదామని వసారా వైపు తిరిగాడు. మామగారి చెయ్యి ఇంకా వాడి భుజం మీదే ఉంది. చేసిన పనికి పేరు వాడిదే అయింది. చెడగొట్టిన పనీ వాడిదే అయింది.