నల్ల లైనింగు మీద తెల్ల పొడి

పేరుకి టైలరమ్మ కూడా పార్కు కమిటీ సభ్యురాలే. కానీ ఏళ్ల తరబడి ప్రతి సమావేశంలోనూ ఆమెకి టీలు అందించడంతోనే సరిపోయేది. నోరు తెరిస్తే చాలు, “చివర్లో చూద్దాం లేమ్మా” అనేవాడు అధ్యక్షుడు. ఆ చివరేదో ఎప్పుడూ వచ్చేది కాదు. ఆడవాళ్ల మాటకి మన కమిటీలిచ్చే విలువ అంత! ఆమె కప్పులు ఏరుకుని ఇంటికొచ్చేది.

ఆమెకో పిచ్చి ఉంది. పార్కు మూల కూలిపోయి కుళ్లుతున్న చెట్టు మీద మొలిచే పుట్టగొడుగులు ఏ రకమో పోల్చడం. జాకెట్టు కొలతలు తీసినంత శ్రద్ధగా వాటి వెడల్పు టేపుతో కొలిచేది.

“బావగారి చొక్కాకి గుండీ కుట్టడానికి మాత్రం తీరిక దొరకదు!” అని తోడికోడలు దెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఆ చెట్టు మీద కొత్తగా మొలిచిన గోధుమరంగు గొడుగుల్ని చూసి అధ్యక్షుడు హడలిపోయాడు. “ఇవి ప్రాణాలు తీసే రకం. రేపే లారీ పిలిపించి ఈ మాను ఎత్తించేస్తా” అన్నాడు.

అదేదో తేల్చుకోవాలనుకుంది టైలరమ్మ. ఆయన చెప్పిన రకమే అయితే గొడుగు అడుగు నుంచి తుప్పురంగు పొడి రాలాలి. రెండు గొడుగులు కోసుకొచ్చి, ఒకదాన్ని తెల్ల కాగితం మీద బోర్లించింది. రెండోది కుట్టుమిషను పక్కన ఎక్కడో పెట్టి మర్చిపోయింది. సాయంత్రం గొడుగు తీసి చూస్తే కాగితం ఖాళీ. పొడే రాలకపోతే రకం తేలేదెలా? ఇక మాను మీద ఆశ వదులుకుంది.

అంతలో తోడికోడలు తన బట్టలకోసం వచ్చి కేకేసింది. “ఏంటక్కా ఇది? నల్ల లైనింగు ఇస్తే పౌడరు రాసి పెట్టావు!”

లైనింగు మీద పెట్టి మర్చిపోయిన రెండో గొడుగు అడుగు మడతలన్నీ తెల్లటి గీతలుగా అచ్చుపడ్డాయి. టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. తెల్ల పొడిని తెల్ల కాగితం మీద వెతికింది మరి!

“నీ పుణ్యమా అని బతికానే!” అంటూ లైనింగు పట్టుకుని అధ్యక్షుడింటికి పరుగెత్తింది.

“నా బట్టే!” అంటూ వెనకే తోడికోడలు.

అధ్యక్షుడు అలవాటుగా, “చివర్లో...” అనబోయాడు.

“చివరిదాకా ఆగితే లారీ వచ్చేస్తుందండీ. ఇప్పుడే చూడండి.”

ఆయన కళ్లజోడు సవరించుకుని, అంతా విని, “అయితే తినొచ్చన్నమాట!” అన్నాడు.

“ఆ మాట నేనన్నానా? మీరన్న రకం కాదన్నాను. ఏ రకమో ఇంకా తేలాలి. చుట్టూ తాడు కట్టిద్దాం. ఎవరూ నోట్లో పెట్టుకోవద్దని రాయిద్దాం.”

లారీ రాలేదు.

కుళ్లే మానులో ఎన్ని పురుగులు కాపురముంటాయో, అది మట్టికి ఎంత బలమిస్తుందో మనం పట్టించుకోం. మీ వీధి పార్కులోనూ అలాంటిది ఉంటే, ఎత్తించేస్తామన్నవాళ్లని నిలదీయండి: “దాని మీద మొలిచిందేమిటో చూశారా?” అని. చూడలేదంటే, చూసేదాకా లారీని ఆపించండి.