శౌరి బల్లకు ఎసరు పెట్టిన పాకం

నరసరావుపేటలో ఒక ప్రైవేటు కళాశాల ప్రయోగశాలకు శౌరి ఇరవై రెండేళ్లుగా సహాయకుడు. ఆకుల్లోని ఔషధ సారాన్ని మిథనాలు అనే విష ద్రావకంతో దింపడం అతని పని. గాజు గొట్టం కింద వేడి ఎంత ఉండాలో, ద్రావకం ఎన్నిసార్లు దిగాలో గడియారం చూడకుండా చెప్పగలడు. విషపు ఆవిరిని బయటికి తోసే యంత్రం ఆ గదిలో ఉండి తీరాలని నిబంధన. ఉన్నది ఒక్క కిటికీ. అతని తలనొప్పికీ మసకబారే కళ్లకూ వయసే కారణమని యాజమాన్యం తేల్చేసింది.

నిరుడు కారంపూడి నుంచి ప్రశాంతి సహాయకురాలిగా వచ్చింది. పరిశోధన చేయించే కీర్తన మేడం ఆమెకు కొత్త పద్ధతి నేర్పింది. నిమ్మ ఉప్పు, గ్లూకోజు, కాసిని నీళ్లు కలిపి వెచ్చబెడితే పల్చని పాకమవుతుంది. విషమక్కర్లేకుండా మునగాకు సారం అందులోకి దిగుతుంది. అది నెగ్గితే మిథనాలు బల్ల తీసేస్తామనీ, శౌరి హాజరు పట్టీలు తిప్పుకోవచ్చనీ మేడం మామూలుగా అనేసింది. ఆ రోజు నుంచి శౌరికి అన్నం సహించలేదు.

"అరిసెలెప్పుడు వండుతావమ్మాయ్?" అని అందరి ముందూ దెప్పాడు.

"తొలి వాయి నీకే పెడతాలే బాబాయ్," అంది ప్రశాంతి. అందరూ ఆమెతో కలిసి నవ్వారు.

ప్రశాంతి మిరప రైతు కూతురు. కల్లంలో కాయలు ఆరబోసినట్టే, డాబా మీద పట్టా పరిచి మునగాకును ఎండలో తిరగబోసింది. ఎండ తగిలితే ఆ ఆకులో సారం చస్తుందని శౌరికి తెలుసు. తన ఆకును వరండాలో నీడన ఆరబెట్టుకున్నాడు. మెట్ల మీద నిలబడి ఆమె చేసేది చూసి, నోరెత్తకుండా దిగివచ్చాడు.

మూడుసార్లు పరీక్షిస్తే మూడుసార్లూ పాకం మిథనాలు ముందు ఓడింది. మేడం ఆ పద్ధతి ఆపించి, ప్రశాంతిని శౌరి బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. అతని పండగ ఒక పూటకే ముగిసింది: మధ్యాహ్నానికి ఆ పిల్ల వేడి సరిచేయడం పట్టేసింది. సాయంత్రానికి కళ్లు నులుముకుంటోంది.

"మండుతున్నయ్ బాబాయ్. నీకూ ఇట్టనే ఉంటదా?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. శౌరి గొట్టం కింద వేడి తగ్గించాడు.

"ఆకు నీడన ఆరబెట్టి మళ్లా చెయ్. అదేమన్నా మిరపకాయా?"

"నీకెప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజే చూశా."

"చానా మంచోడివి బాబాయ్," అని లేచిపోయింది.

మేడంను ఒప్పించి, నీడన ఆరిన ఆకుతో ప్రశాంతి మళ్లీ చేసింది. పదో రోజున పాకం మిథనాలును మించింది. బల్ల తీసేశారు. ప్రశాంతి పనితనమే వేరని మేడం మెచ్చుకుంటుంటే శౌరి పట్టీలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతను దాచిపెట్టిన సంగతి ప్రశాంతి మేడంకు చెప్పలేదు. చివరికి దారి చూపింది అతనేననీ చెప్పలేదు. చెప్పని ఆ రెండో మాట కోసమే, మేడం పొగడ్త ముగిసేదాకా, అతను అక్కడి నుంచి కదల్లేదు.