వేలు తెగిన కవలలు

మొన్న ఒక పెద్దమనిషి బెంగుళూరు నుంచి నాకొక రేకు డబ్బా పంపించాడు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక పాత విదేశీ సినిమా రీలు అందులో ఉందట, నేను చూసి అవునంటే చాలట. మూత తీయగానే ముక్కు అదిరిపోయింది. పాడవుతున్న ఫిల్ముకి వెనిగర్ వాసన వస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు గానీ, నాకు మాత్రం ప్రతిసారీ మా నాయనమ్మ తరవాణి కుండే గుర్తొస్తుంది, ఎండాకాలం పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగిన ఆ పుల్లటి గంజి. ఇంకెక్కడా లేదన్న ముక్క మాత్రం నేను చచ్చినా నమ్మను. నలభై ఏళ్లుగా ప్రపంచ సినిమా మీద పుస్తకాలు రాస్తున్నాను, ఎవరో చెప్పారని ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు.

ఈ అనుమానం చదువుతో వచ్చింది కాదు, నాయనమ్మ నుంచి వచ్చిన ఆస్తి. ఆమె పాలచుక్కని గోరు మీద నిలబెట్టి చూసి గాని గిన్నె పట్టేది కాదు. చేపల గంప దిగితే మొప్పలు ఎత్తి చూసేది, కన్ను నొక్కి చూసేది, అప్పుడు కూడా "పొద్దుట పట్టిందేనా, నిన్నటిదా?" అని ఆ మనిషి ముఖం వంక చూసేది. నేను ఆమె కొంగు పట్టుకుని తిరిగినదాన్ని. దాగుడుమూతలాటలో కళ్లు మూసుకున్న పిల్ల వేళ్ల సందులోంచి చూస్తోందేమోనని నేను దాక్కోవడం మానేసి దాన్నే కనిపెడుతూ నిలబడేదాన్ని. ఆట చెడిపోయేది, నాకు తిట్లు పడేవి.

మాది సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు వైపు పోతే వచ్చే ఊరు. అరవైల మొదట్లో మాట. సగం ఊరు వరి, సగం ఊరు వల. కార్తీకంలో వాన పట్టిందంటే వారం పాటు వదిలేది కాదు. ఇంట్లో బట్టలు ఆరక ముక్కిన వాసన, పొయ్యి మీద పులిబొంగరాలు కాలుతున్న వాసన, బయట ఉప్పుగాలి, అన్నీ కలిసి మా బడి గోడల్లోకి కూడా ఇంకిపోయేవి. ఆ బడికి మా నాన్నే అయ్యవారు. నెల్లూరులో ఇంగ్లీషు చదువుకుని వచ్చినాయన గనక ఊరికంతటికీ ఆయన మాటే మాట. టెలిగ్రాము వస్తే ఆయన చదవాలి, మద్రాసు హార్బరులో పనిచేసే కొడుకులు రాసిన ఉత్తరాలు ఆయన చదవాలి, దస్తావేజు మీద వేలిముద్ర వేసే ముందు ఆయన అవునని తల ఊపాలి. "అయ్యవారు చెప్పినాడు" అంటే ఇక దాని మీద మాట లేదు.

ఆ ఏడు మా బడి పక్క ఇసుకలో డేరా సినిమా వేశారు. నేల తరగతిలో ఇసుకని గుట్టగా పోసుకుని దాని మీద కూర్చునేవాళ్లం. ముందున్నవాడు ఇంకా ఎత్తు పోసుకుంటే వెనక నుంచి కాలితో తన్ని కూల్చేసేవాళ్లం. మిషన్ ఒక్కటే, అందుకని రీలు అయినప్పుడల్లా దీపం వేసేవారు, వేయించిన శనక్కాయలవాడు వచ్చేవాడు. వానలకి జనం పలచబడినప్పుడు చవగ్గా దొరికే ఇంగ్లీషు సినిమాలు తెచ్చేవారు. అప్పుడు మా నాన్న తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, తెర మీది మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో తెలుగులో చెప్పేవాడు. దొరసానికి మా ఊరి కోడలి గొంతు పెట్టి మాట్లాడేవాడు. ఆడవాళ్లు ముక్కు చీదుకుంటూ ఏడ్చేవాళ్లు. నేను మాత్రం ఆయన పెదవులు, తెర మీది పెదవులు మార్చి మార్చి చూసేదాన్ని. అంత పొడుగు మాటకి ఇంత పొట్టి తెలుగా? నాన్నకి నిజంగానే ఇంగ్లీషు వచ్చా? ఇంట్లో ఎవరినీ అడగలేదు, అడిగితే ఒప్పుకుంటారా!

ఒకరోజు సూళ్లూరుపేట నుంచి రీళ్లు తెస్తున్న బండి వాగులో ఒరిగి డబ్బాలన్నీ తడిశాయి. డేరా ఆపరేటరు మస్తాన్, మా ఇంట్లో అన్నం తినేంత చనువున్న మనిషి, డబ్బాలు తుడిచి బడి వరండాలో పెట్టి, మూతలు మాత్రం ఎండలో పరిచాడు. నన్ను, మరో ఇద్దరు ఆడపిల్లల్ని కాపలా పెట్టి భోజనానికి వెళ్లాడు. గుండ్రటి రేకు మూతలు చేతికి దొరికితే పిల్లలు ఊరుకుంటారా? దొర్లించాం, పెనాలు చేసి ఇసుక దోశెలు పోశాం. ఇంతలో చినుకులు పడ్డాయి. పరిగెత్తి, అందిన మూత అందిన డబ్బాకి పెట్టేశాం. రీలు నంబరు ఉండేది మూత మీదే. ఫిల్ము మొదట్లో ఉండాల్సిన నంబరు తోక ఆ పాత ప్రింటుకి ఎప్పుడో అరిగి తెగిపోయింది. అంటే సినిమా మొత్తాన్ని తారుమారు చేసింది మేమే, అందులో పెద్ద చెయ్యి నాది. అది నాకు తట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

సాయంత్రం ఆట మొదలైంది. పేర్లు పడే రీలు కనక మొదటిదాన్ని మస్తాన్ ఎలాగో పోల్చుకున్నాడు. రెండోది కూడా అదృష్టం కొద్దీ సరైనదే పడింది. కథానాయకుడు ఓడలో పనివాడు, ఎడమచేతికి చిటికెనవేలు లేదు. మూడో రీలులో అతను తుఫానులో చచ్చిపోయాడు, పాతిపెట్టారు. దీపం వేశారు. నాన్న మిషన్ గదిలోకి వెళ్లి మస్తాన్‌తో ఏదో మాట్లాడి వచ్చాడు. నాలుగో రీలు పడేసరికి చచ్చినవాడు పూలు పట్టుకుని పెళ్లి చేసుకుంటున్నాడు.

జనం గుసగుసలాడారు. నాన్న ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పోయినోడు అన్న, వీడు తమ్ముడు. కవలలు!" అన్నాడు మైకులో. కవలలంటే మన జనానికి కొత్తా? "అట్టా చెప్పండి!" అని సర్దుకుని కూర్చున్నారు.

నేను కూర్చోలేదు. వాడి ఎడమచెయ్యే చూస్తున్నాను. ఇసుక గుట్ట మీద లేచి నిలబడి, డేరా అంతా వినబడేటట్టు అరిచాను.

"కవలలైతే ఇద్దరికీ ఒకే వేలు ఎట్టా తెగిందీ? ఆయన ఒకడే! నాన్నకి ఇంగ్లీషు రాదు, అబద్ధం చెప్తన్నాడు!"

మొదట నవ్వారు. తరవాత ఈలలు, కేకలు. బెంచీల్లోంచి ఎవరో "రీళ్లు తలకిందులుగా ఏసినాడు, ఆ మస్తాన్ గాణ్ణి బయటికి లాగండి" అన్నారు. డేరా యజమాని పరిగెత్తుకొచ్చాడు. ఇంకోసారి ఆటలో తప్పు జరిగితే పని నుంచి తీసేస్తానని అంతకు ముందు వారమే మస్తాన్‌ని అందరి ముందూ తిట్టిన మనిషి ఆయన. నాన్న మైకు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "రీళ్లు సరిగానే ఉండాయి. పాప చెప్పింది నిజం. నాకు అంత ఇంగ్లీషు రాదు. ఇది ఆయన వెనకటి కథ, తెలీక కవలలని చెప్పినా, మన్నించండి," అన్నాడు.

మస్తాన్ పని నిలబడింది. నాన్న మాటకి విలువ పడిపోయింది. ఆ తరవాత ఆయన మైకు పట్టుకోలేదు. ఊళ్లోవాళ్లు ఉత్తరాలు పోస్టుమాన్ దగ్గర చదివించుకోవడం మొదలుపెట్టారు. దస్తావేజులకి తడ ఊరి నుంచి ఎవరినో పిలిపించారు. సాయంత్రాలు మా అరుగు మీద నాన్న ఒక్కడే కూర్చుని ఉండేవాడు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకప్పుడు గొప్పగా ఉండేది. నేను పట్టుకున్నాను! నాయనమ్మ కూడా "దీని కన్ను నా కన్నే" అని మెటికలు విరిచింది. నాన్న నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. అది కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ముప్ఫయ్యో పడిలో, సముద్రాన్ని చూపించిన సినిమాల మీద పుస్తకం రాస్తూ, విదేశంలో ఒక ఫిల్ము భాండాగారంలో వరసగా పాత సినిమాలు చూస్తున్నాను. చిటికెనవేలు లేని ఆ మనిషి ఉన్నట్టుండి తెర మీదికొచ్చాడు. మొదటి రెండు రీళ్లలో ఒక్కో మాటా వింటూ రాసుకోవడం ఆపేశాను. నాన్న తెలుగులో చెప్పింది పొల్లు పోకుండా అదే. పెళ్లి ముందు వచ్చింది, చావు చివర వచ్చింది. నాన్నకి ఇంగ్లీషు రాకపోవడం కాదు, రీళ్లు తారుమారయ్యాయి. ఎలా తారుమారయ్యాయా అని ఆలోచిస్తే, ఆ వరండా, చినుకులు, నా చేతిలో మూతలు. పక్క బల్ల దగ్గర ఉన్న తెల్లావిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఊరందరినీ అనుమానించాను, కన్నతండ్రిని అనుమానించాను, నన్ను నేను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

తిరిగి రాగానే నెల్లూరు వెళ్లాను. నాన్న రిటైరై అక్కడే ఉన్నాడు. తేగలు చీల్చుకుంటూ కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పి, "రీళ్లు తప్పని నీకు తెలుసు గదా నాన్నా?" అన్నాను.

"ఎందుకు తెలీదమ్మే. మూతలు పెట్టింది నువ్వని మస్తాన్ మూడో రీలుకే చెప్పినాడు. పాపని ఏమనొద్దయ్యవారూ అన్నాడు."

"మరి నేనంత అరిస్తే ఎందుకు ఊరుకున్నావు?"

నాన్న తేగ నార తీశాడు. "నిజం కనిపెట్టినానని ఎంత సంబరంగా నిలబడినావో నీకేం తెలుసు. ఆ తప్పు నీదేనని అంతమందిలో ఎట్టా చెప్పేది? నిజమనేదాని జోలికే పొయ్యేదానివి కాదు మళ్లీ," అని తేగలోని లేత మొలక నా చేతిలో పెట్టాడు. నేను ఆయన ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కిందటేడు ఆ ఊరు వెళ్లాను. డేరా వేసిన చోట ఇప్పుడు రొయ్యల మేత గోదాము ఉంది, బడి కొత్త బిల్డింగులోకి మారింది, ఇసుకంతా తవ్వుకుపోయారు, వేయించిన శనక్కాయల వాసన ఎక్కడా లేదు. టీ అంగడి ముందు ఒక ముసలాయన, ఆ రోజు బెంచీలో ఉన్నవాడే, నన్ను పోల్చుకుని, "అయ్యవారి కూతురివి గదా! ఇంగ్లీషు రాకపోయినా ఎంత బాగా చెప్పేవోడు మీ నాయన!" అని పకపకా నవ్వాడు. నేను అక్కడే నిలబడి మూతల సంగతి, రీళ్ల సంగతి, విదేశంలో చూసిన సినిమా సంగతి, తప్పంతా నాదేనన్న సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అంగడి ముందున్న నలుగురూ కూడా టీ తాగడం ఆపి విన్నారు.

ముసలాయన నా ముఖంలోకి కాసేపు అదోలా చూశాడు. "పోనీలేమ్మా," అన్నాడు, "పోయిన తండ్రి కోసం ఆ మాత్రం అబద్ధం చెప్పని కూతురు ఎవురుంటారు?"