పళ్లు చూడని బేరం

చౌటుప్పల్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నా అంత జాగ్రత్తపరుడు జిల్లాలోనే లేడని నాకు గట్టి నమ్మకం. బండి కొందామని ఎనిమిది నెలలు కడుపు కట్టుకుని కూడబెట్టిన నలభై వేలు బ్యాంకులో భద్రంగా ఉండేవి. అలాంటి నన్ను, నాతోపాటు ప్యాకింగ్‌లో పనిచేసే ఒకతను (అందరూ 'కాయిన్ బావ' అనేవాళ్లు) క్రిప్టోలోకి దించాడు. అతను చూపించిన యాప్‌లో జాగ్రత్తగా ఆ నెల జీతంలోంచి వెయ్యి రూపాయలే పెట్టాను. పది రోజుల్లో అది రెండు వేలయిందని చూపించింది. అంతే, నా జాగ్రత్త గాలికి పోయింది. నలభై వేలూ పెట్టేయాలని నిశ్చయించుకుని, ఆ శుభవార్త చెప్పడానికి ఆదివారం దేవరకొండ దగ్గరి మా ఊరికి వెళ్లాను.

మా బాపు పశువుల అంగడి మనిషి. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూడందే, నాలుగడుగులు నడిపించందే బేరంలోకి దిగడు. నా ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది యాడుంటదిరా?"

"యాడ ఉండదు బాపు. కంప్యూటర్ల ఉంటది."

"మరి పండ్లెట్ల చూస్తవ్?"

నేను తల కొట్టుకుని, "నీకేం ఎరుక బాపు, గిది చదువుకున్నోళ్ల యవ్వారం" అన్నాను. (ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) బాపు మాత్రం ఏమీ అనుకోలేదు. "కొనుడు ఎవడైనా కొంటడు బిడ్డా. అమ్మితే అమ్ముడువోతదా లేదా, గది చూడాలె. ముందుగాల గా రెండు వేలు అమ్మి, పైసలు నా చేతుల పెట్టు. గటెన్క నీ ఇష్టం" అన్నాడు.

అదెంత పని అనుకుని అక్కడే కూర్చుని అమ్మకానికి పెట్టాను. డబ్బు చేతికి రావాలంటే ముందు మూడు వేలు పన్ను కట్టాలని జవాబొచ్చింది. బాపుకు చదివి వినిపించాను. బాపు పగలబడి నవ్వాడు. "కోడెను అమ్మనీకి పోతే, కొనేటోనికి మనమే ఎదురు పైసలియ్యాల్నా? గిది అంగడి కాదురా, ఉచ్చు!" ఇంట్లోంచి అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. వెంటనే కాయిన్ బావకు ఫోన్ చేస్తే, పాపం, అతను అప్పుడే ఆ పన్ను కట్టబోతున్నాడట.

వెయ్యి పోయింది, నలభై వేలు దక్కాయి. కానీ నా మొండితనం పోలేదు. నలుగురినీ అడిగి, నిబంధనలన్నీ చదివి, ఈసారి సరైన చోట ఐదు వందల రూపాయల బిట్‌కాయిన్ కొన్నాను. నెల తర్వాత అమ్మేసి, వచ్చిన నాలుగు వందల అరవై తీసుకెళ్లి బాపు చేతిలో పెట్టాను.

"ఐదు వందలల నలభై యాడవోయినయ్?"

"రేటు వడ్డది బాపు. జర ఫీజు గూడ పోయింది."

"అయినా అమ్మితే అమ్ముడువోయింది గద!" అని నోట్లు జేబులో పెట్టుకుని టీ హోటల్‌కు నడిచాడు. వెనకే వెళ్లాను. అక్కడున్న వాళ్లందరికీ ఆ డబ్బుతోనే చాయ్ పోయిస్తూ, "మావోడు కండ్లకు కనవడని కోడెను అమ్ముకొచ్చిండు" అని చెప్తున్నాడు.

ఆ తర్వాత బిట్‌కాయిన్ ధర ఎక్కడికో వెళ్లింది. తొందరపడ్డావని స్నేహితులు ఇప్పటికీ జాలిపడతారు. నాకు మాత్రం ఏ బాధా లేదు. నలభై రూపాయల నష్టానికి అమ్మి, పెద్ద వ్యాపారిలా ఛాతీ విరుచుకుని బాపు పక్కన నిలబడ్డ ఆ కుర్రాడిని తలచుకుంటే ముద్దొస్తాడు. అంత లాభం నాకు మళ్లీ రాలేదు.