మావయ్య చివరి ఆయ్

మావయ్య పోయారని అత్తయ్యే ఫోన్ చేసి చెప్పింది. "పొద్దున్నే ఎల్లిపోయార్రా మీ మావయ్య. నిన్న సాయంత్రం ఏదో అడిగారు, నాకే తెలీలేదు" అంది. ఆ మాట నన్నింకా వదలడం లేదు.

నిడదవోలు స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగం ఆయనది. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా ముందు "ఆయ్" అనేవారు. గోదావరి వాళ్లకు ఆ మాట కొత్త కాదు. అవుననడానికీ అదే, గుమ్మంలోంచి పిలిస్తే పలకడానికీ అదే. నమ్మలేని కబురు చెబితే సాగదీసి అనేదీ అదే. హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఒకసారి విసుక్కున్నాడు: "బండి ఉందా లేదా చెప్పక, ఈ ఆయ్ ఏంది?" మావయ్య నవ్వి, "ముందు మీ మాట ఇన్నానని చెప్పాలి కదండి. బండి సంగతి తర్వాత" అన్నారు.

ఆ మాట ఎక్కడ పుట్టిందన్న దానిమీద ఆ ఇంట్లో ఎప్పుడూ తగువే. "అయ్యా" అన్నది అరిగి ఆయ్ అయిందని మావయ్య. కాదు, అవతలి గట్టునుంచి కేకేస్తే పడవవాళ్లు పలికే పలుకని అత్తయ్య. ఆవిడది గోదావరి మధ్యలో లంక ఊరు. ఏది నిజమో నాకు తెలియదు. వాళ్ల తగువు వినడం మాత్రం భలే ఇష్టం.

రిటైరయ్యాక పక్షవాతం వచ్చి మాటంతా పోయింది. ఆ ఒక్క ముక్కే మిగిలింది. అత్తయ్య దానితోనే సంసారం నెట్టుకొచ్చింది. పొట్టిగా అంటే మంచినీళ్లు, సాగదీస్తే ఫ్యాను, గట్టిగా అంటే ఎవరో వచ్చారని.

పోయే ముందురోజు సాయంత్రం అన్నది మాత్రం ఆవిడకు అందలేదు. నీళ్లిస్తే తల తిప్పేశారు. పేపరిస్తే తోసేశారు. కూతురికి ఫోన్ కలిపి చెవి దగ్గర పెట్టింది, అదీ కాదు. చివరికి అలిసిపోయి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరుకున్నారట.

ఇన్నేళ్ల కాపురంలో ఒక్క పూట అర్థం కాకపోతే ఏమైందని ఓదార్చబోయాను. "ఆ ఒక్క పూటేరా నాకు కావాల్సింది" అంది.

పెద్దకర్మనాడు పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డిస్తారు కదా. అత్తయ్య వండినవాటితో ఆగలేదు. పనసపొట్టు కూర, పూతరేకు, కళ్లజోడు, తువ్వాలు. ఒక్కొక్కటే తెచ్చి విస్తరి పక్కన పెట్టి, ఫొటో వంక చూస్తూ "ఇదేనాండీ?" అని అడిగి, కాసేపు ఆగి, ఇంకోటి తేవడానికి లోపలికి వెళ్లేది.